గవ్వలిచ్చి మనుషుల్ని కొన్న తీరం

(ధారావాహిక: 9వ భాగం)

కిందటి సంచికలో మన కథ ఓడెక్కి అట్లాంటిక్ దాటింది. ఈసారి ఓడతో పోవద్దు. అది కనుచూపు దాటాక ఒడ్డున ఏం మిగిలిందో అక్కడే నిలబడి చూద్దాం.

అంకెలు ముందే చెప్పేస్తాను. 16వ శతాబ్ది మొదలు నుంచి 1866 దాకా ఆఫ్రికా తీరంలో ఓడలెక్కించిన బందీలు సుమారు 1.25 కోట్ల మంది. అవతలి ఒడ్డున ప్రాణాలతో దిగినవాళ్లు దాదాపు 1.07 కోట్లు. మధ్యలో పోయిన 18 లక్షల మంది సముద్రం పాలయ్యారు. ఓడల ఖాతా పుస్తకాల్లోంచి, రేవు పన్నుల చిట్టాల్లోంచి చరిత్రకారులు దశాబ్దాల తరబడి ఏరి కూర్చిన లెక్కలివి. ఊరు తగలబడిన రాత్రి చచ్చినవాళ్లకి, మెడకు కొయ్యతో తీరానికి నడుస్తూ దారిలో కూలిపోయినవాళ్లకి, రేవు కొట్లలో రక్త విరేచనాలతో పోయినవాళ్లకి ఏ ఖాతా లేదు.

ఎంతమంది పోయారన్నదాని మీద పండితులు యాభై ఏళ్లుగా వాదించుకుంటున్నారు. నాకు అంతకన్నా ముఖ్యం అనిపించేది పోకుండా మిగిలినవాళ్ల సంగతి. ఆ వ్యాపారం మనుషుల్ని పట్టుకుపోయి ఊరుకోలేదు. మిగిలినవాళ్లకి మనిషిని పట్టడాన్నే అన్నిటికన్నా లాభసాటి పనిగా చేసి పెట్టింది. సేద్యం, నేత, ఇనుము కరిగించడం, ఇవన్నీ ఏళ్ల తరబడి ఒళ్లు వంచితే గానీ ఫలించవు. పొరుగూరి మీద పడటానికి ఒక్క రాత్రి చాలు. ఈ లెక్క ఒకసారి రాజులకు వంటబట్టాక ఆ చుట్టుపక్కల ఎవరూ నిమ్మళంగా బతకలేకపోయారు, ఆ రాజులతో సహా.

ఆఫ్రికా ఒక దేశం కాదు. ఈ వ్యాపారమూ అన్నిచోట్లా ఒకే తీరుగా నడవలేదు. అందుకని ఒక్క తీరాన్నే పట్టుకుందాం. నేటి బెనిన్ దేశం, పశ్చిమ నైజీరియా కలిసే చోటు. యూరప్ నావికులు తమ పటాల మీద దానికి 'బానిసల తీరం' అని నిస్సిగ్గుగా పేరు రాసుకున్నారు. ఈ ఒక్క అఖాతం నుంచే దాదాపు 20 లక్షల మంది ఓడలెక్కారు. అందులో సగం మంది విదా అనే ఒక్క ఊరి మీదుగా వెళ్లినవాళ్లు. అంగోలాలోని లువాండాను మినహాయిస్తే ఆఫ్రికా మొత్తంలో ఇంత పెద్ద బానిసల రేవు మరొకటి లేదు.

రేవు అన్నానే గానీ విదాలో రేవంటూ లేదు. ఊరు సముద్రానికి మూడు నాలుగు కిలోమీటర్లు లోపల ఉంటుంది. మధ్యలో ఉప్పుకయ్య, ఆవల ఇసుక, దాని ముందు ఎప్పుడూ విరుచుకుపడే కెరటాలు. ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే, గోల్డ్‌కోస్ట్ నుంచి కూలికి తెచ్చుకున్న పడవవాళ్లు సరుకునీ మనుషుల్నీ ఆ కెరటాల మీదుగా చేరవేసేవారు. ఊళ్లో ఫ్రెంచి కోట, ఇంగ్లీషు కోట, పోర్చుగీసు కోట పక్కపక్కనే ఉండేవి. కోటలంటే మన గోలకొండను తలుచుకోకండి. మట్టిగోడల గిడ్డంగులు, వాటి మీద నాలుగు ఫిరంగులు. స్థానిక రాజు అనుమతి లేకుండా వాటిల్లోని తెల్ల దొరలు ఒక్క మనిషిని కూడా కొనలేరు. ముందు రాజుకు సుంకం కట్టాలి, తర్వాత రాజుగారి బందీల్ని కొనాలి, ఆ తర్వాతే మిగతా వర్తకుల దగ్గరికి వెళ్లాలి. తెల్లవాడు ఈ తీరంలో అప్పటికి ఏలిక కాదు, ఖాతాదారు.

ఇక్కడే చాలామంది పాఠకులు ఒక ప్రశ్న వేస్తారు: అయితే ఆఫ్రికావాళ్లే ఆఫ్రికావాళ్లను అమ్ముకున్నారా? అమ్ముకున్నారు. కానీ ఆ ప్రశ్నలోని 'ఆఫ్రికావాళ్లు' అనే మనుషులు అప్పటికి లేరు. హుయేడా వాళ్లున్నారు, ఫోన్ వాళ్లున్నారు, మహీ వాళ్లున్నారు, యోరుబా మాట్లాడే పదుల రాజ్యాల వాళ్లున్నారు. తన ఊరివాణ్ని అమ్మడం తప్పు అన్న కట్టుబాటు చాలాచోట్ల గట్టిగానే ఉండేది. పరాయివాణ్ని అమ్మితే అది యుద్ధ లాభం. ఆ గీత ఎలా చెరిగిపోయిందన్నదే ఈ భాగంలో మనం చూడబోయే కథ.

1727

18వ శతాబ్ది మొదట్లో విదా హుయేడా అనే చిన్న రాజ్యం చేతిలో ఉండేది. దానికి పక్కనే అల్లాడా రాజ్యం. ఈ రెండూ కలిసి ఏటా పది వేలకు పైగా మనుషుల్ని ఓడల వాళ్లకు అమ్ముతున్నాయి. వీటికి ఉత్తరాన, సముద్రం కనపడనంత దూరంలో, అబోమీ పీఠభూమి మీద దహోమీ అనే రాజ్యం పెరుగుతోంది. దాని రాజు అగాజా. తుపాకులు కావాలన్నా, మందుగుండు కావాలన్నా అతను తీరపు రాజుల దయ మీద ఆధారపడాల్సి వచ్చేది. 1724లో అల్లాడాను కొట్టాడు. 1727లో హుయేడా మీదికి దిగాడు.

హుయేడా రాజు హుఫోన్‌కు అగాజా కూతురు నా గెజేనే భార్య. ఆమె భర్త ఆయుధశాలలోని మందుగుండు మీద నీళ్లు పోసి తండ్రికి కబురంపిందని దహోమీ గాథలు చెబుతాయి. యూరప్ వర్తకులు రాసిపెట్టిన కథ ఇంకోటుంది: హుయేడా వాళ్లు తమ కొండచిలువ దేవత దాంగ్బే మీద భారం వేసి, ఏరు దాటే చోట సైనికులకు బదులు పామును పెట్టారట. ఏది నిజమైనా రాజ్యం కొద్ది రోజుల్లో కుప్పకూలింది. విలియం స్నెల్‌గ్రేవ్ అనే ఇంగ్లీషు ఓడ కెప్టెన్ ఆ తర్వాత కొన్ని వారాలకే అక్కడ దిగాడు. నిండుగా ఉండే పల్లెలు బూడిదై, పొలాల్లో మనుషుల ఎముకలు పరుచుకుని ఉన్నాయని రాసుకున్నాడు. అలా రాసుకుని అగాజా శిబిరానికి వెళ్లి, బేరం కుదుర్చుకుని, ఓడ నిండా బందీల్ని కొనుక్కుని వెళ్లిపోయాడు.

అగాజా తీరానికి ఎందుకు దిగాడన్నది పెద్ద తగవు. బానిస వ్యాపారాన్ని ఆపడానికే దిగాడని 18వ శతాబ్దిలోనే కొందరు ఇంగ్లీషువాళ్లు అన్నారు. 1967లో నైజీరియా చరిత్రకారుడు అకింజోగ్బిన్ ఆ వాదానికి కొత్త బలం ఇచ్చాడు. వినడానికి మనసుకు హాయిగా ఉంటుంది గానీ ఆధారాలు అటు తూగవు. మధ్యవర్తుల్ని తీసేసి వ్యాపారాన్ని తానే చేతిలోకి తీసుకోవాలన్నదే అతని ఉద్దేశమని ఎక్కువమంది పరిశోధకుల తీర్పు. నాకూ అదే సబబనిపిస్తుంది. తీరం చేతికొచ్చాక అగాజా, అతని తర్వాత తెగ్బెసు, ఇద్దరూ అమ్మారు, ఆపలేదు.

విచిత్రం ఏమిటంటే, ఆ గెలుపు దహోమీకి అనుకున్నంత డబ్బు తేలేదు. హుయేడా, అల్లాడాలు ఎక్కడెక్కడి వర్తకులో తెచ్చిన బందీల్ని అమ్మేవి. దహోమీ వచ్చాక ఆ వర్తకులు భయపడి తూర్పు దారి పట్టారు. పోర్టో-నోవో, బడాగ్రీ, ఆ తర్వాత లాగోస్ రేవులు అలా పుట్టుకొచ్చాయి. విదాలో ఎగుమతి తగ్గింది. తగ్గిన లోటు పూడాలంటే మరో యుద్ధం చేయాలి. దహోమీ దాదాపు ప్రతి ఎండాకాలం దండెత్తేది. ఉత్తరాన మహీ కొండల మీదికి ఎన్నిసార్లు వెళ్లిందో లెక్కలేదు.

అలాగని దహోమీ నెత్తిన ఎవరూ లేరా అంటే ఉన్నారు. ఈశాన్యాన ఓయో అనే యోరుబా సామ్రాజ్యం. దానికి గుర్రపు దళం ఉంది. 1726 నుంచి ఆ దళం దహోమీని మళ్లీ మళ్లీ తొక్కింది. చివరికి అగాజా వంశం ఏటా కప్పం కట్టడానికి ఒప్పుకుంది. మగవాళ్లు 41 మంది, ఆడవాళ్లు 41 మంది, తుపాకులు 41, ఇలా అన్నీ నలభై ఒకట్ల లెక్కన కట్టేవారని సంప్రదాయం. ఆ ఓయోకు గుర్రాలు ఎక్కడివి? ఉత్తరాది వర్తకుల దగ్గర బందీల్నిచ్చి కొన్నవి. ఈగ కాటుకు దక్షిణాదిలో గుర్రం ఎక్కువ కాలం బతకదు, మళ్లీ మళ్లీ కొనాలి. బందీల్ని పట్టడానికి గుర్రం కావాలి, గుర్రం కొనడానికి బందీలు కావాలి.

తీరంలో గుర్రం స్థానంలో తుపాకి. ఆఫ్రికాకు పంపే చవక తుపాకులు చేయడానికే బర్మింగ్‌హామ్‌లో కార్ఖానాలు నడిచాయి. కమ్మరులు పాడైన తుపాకుల్ని బాగుచేసుకోగలిగేవారు, కానీ మంచి మందుగుండు ఓడల మీద రావాల్సిందే. అమ్మనని భీష్మించిన రాజుకు మందుగుండు ఉండదు. మందుగుండు లేని రాజు పొరుగువాడి చేతిలో తానే సరుకవుతాడు. కొందరు భీష్మించారు కూడా. నేటి నైజీరియాలోని బెనిన్ రాజ్యం (ఇది వేరు, నేటి బెనిన్ దేశం వేరు, పూర్వపు దహోమీయే 1975లో ఆ పేరు పెట్టుకుంది) 16వ శతాబ్దిలో మగ బందీల అమ్మకాన్ని నిషేధించి చాలాకాలం ఆ మాట మీద నిలబడింది. మిరియాలు, గుడ్డ, దంతం అమ్ముకుని బతికింది. కాంగో రాజు అఫోన్సో 1526లో పోర్చుగల్ రాజుకు రాసిన లేఖల గురించి వెనక ఒక భాగంలో చెప్పుకున్నాం. మీ వర్తకులు మా కులీనుల పిల్లల్ని, నా బంధువుల్ని కూడా ఎత్తుకుపోతున్నారని మొరపెట్టుకున్నాడాయన. ఆయనా తుదకు వ్యాపారానికి నియమాలు పెట్టగలిగాడే తప్ప ఆపలేకపోయాడు.

గవ్వ, గుడ్డ

ఇంతమందిని ఏమిచ్చి కొన్నారు? బ్రెజిల్ నుంచి బెల్లపు పాకంలో ముంచిన పొగాకు, సారా, తుపాకి, ఇనుప కడ్డీ, గుడ్డ. ఈ తీరంలో అన్నిటికన్నా ముఖ్యంగా గవ్వలు. మన పిల్లలు అష్టాచెమ్మా ఆడే తెల్ల గవ్వలే.

ఆ గవ్వ పుట్టేది మాల్దీవుల్లో. అక్కడి నుంచి బెంగాల్‌కో సింహళానికో చేరి, ఇంగ్లీషు, డచ్చి ఓడల అడుగున బరువు కోసం పోసుకున్న సరుకుగా లండన్, ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి, అక్కడ వేలంలో అమ్ముడై, మళ్లీ ఓడెక్కి విదా వచ్చేది. ఒక్క 18వ శతాబ్దిలోనే ఇలా పశ్చిమ ఆఫ్రికాకు చేరినవి దాదాపు వెయ్యి కోట్ల గవ్వలని హొగెన్‌డార్న్, జాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టారు. విదాలో 40 గవ్వలు ఒక దండ, 20,000 గవ్వలు ఒక బస్తా. బస్తా అంటే ఒక కూలివాడి నెత్తి బరువు.

గవ్వల వల్ల తీరంలో సంతలు పెరిగాయి. ఇది దాచాల్సిన సంగతి కాదు. విదా వీధుల్లో వండిన తిండి గవ్వలిచ్చి కొనుక్కోవచ్చు. పడవవాళ్లు, మోతగాళ్లు గవ్వల్లో కూలి తీసుకునేవారు. సంతలో అమ్మే ఆడవాళ్ల చేతుల్లో నిజంగానే నాలుగు డబ్బులు ఆడాయి. అయితే ఒక దేశం తన పడుచువాళ్లను పంపేసి బదులుగా ఏం తెచ్చుకుంది? తినడానికి పనికిరాని, దున్నడానికి పనికిరాని గుల్లల్ని తెచ్చుకుంది. 19వ శతాబ్ది నడుమ హాంబర్గ్ వర్తకులు జాంజిబార్ వైపు దొరికే ఇంకా చవక గవ్వల్ని ఓడల కొద్దీ తెచ్చి కుమ్మరించేసరికి వాటి విలువ పడిపోయింది. తరాల తరబడి కూడబెట్టుకున్న సంపద చిల్లిగవ్వ చేయకుండా పోయింది. ఆ సంపద కోసం అమ్మిన మనుషులు మాత్రం తిరిగి రాలేదు.

గుడ్డ సంగతి మనకు ఇంకొంచెం దగ్గరగా తగులుతుంది. ఆఫ్రికాకు వెళ్లిన సరుకుల విలువలో పెద్ద వాటా బట్టలదే, ఆ బట్టల్లో పెద్ద వాటా భారతదేశానిది. కోరమాండల్ తీరంలో నేసిన తెల్ల గుడ్డకు, నీలిమందు అద్దిన ముదురు నీలం గుడ్డకు యూరప్ వర్తకులు 'గినీ గుడ్డ' అని పేరు పెట్టుకున్నారు. గినీ అంటే పశ్చిమ ఆఫ్రికా తీరమే. పులికాట్, మచిలీపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నంలో డచ్చివాళ్ల ఫ్యాక్టరీలు, నర్సాపురం పక్క మాదాపల్లంలో ఇంగ్లీషువాళ్ల ఫ్యాక్టరీ ఉన్నది ఇలాంటి గుడ్డల కోసమే. తమ దేశపు నేతగాళ్ల గోల భరించలేక ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో మరోసారి చట్టాలు చేసి అద్దకపు గుడ్డల వాడకాన్ని సొంత గడ్డ మీద అణిచేసింది. ఆఫ్రికాకు తిరిగి ఎగుమతి చేసుకోవడానికి మాత్రం అడ్డు చెప్పలేదు. గోదావరి గట్టున మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి తన గుడ్డ ఎవరి మెడకు వెలగా మారుతోందో తెలిసే దారే లేదు. దళారీకి తెలియాల్సిన అవసరం లేదు. లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకు మాత్రం బాగా తెలుసు. ఆ అలవాటు ఎంత లోతుగా పాతుకుందంటే, నైజీరియా డెల్టాలోని కలబారీలు ఇప్పటికీ పెళ్లికీ చావుకీ మద్రాసు గళ్ల గుడ్డను దాచుకుంటారు. 20వ శతాబ్దిలో కూడా చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద ఆ సంతకోసం రుమాళ్లు నేశారు.

దిగుమతుల్లో అన్నీ పనికిమాలినవి కావు. గినీ-బిసావు బురదనేలల్లోని బలాంతా జనం బందీల్నిచ్చి ఇనుము తీసుకుని, ఆ ఇనుముతో పారలు చేసి, మడ అడవులు నరికి గట్లు పోసి వరి పండించారు. అమెరికా నుంచి వచ్చిన మొక్కజొన్న, కర్రపెండలం ఎన్నో కడుపులు నింపాయి. కానీ కర్రపెండలాన్ని తెచ్చుకోవడానికి మనుషుల్ని అమ్మాల్సిన పనిలేదు.

మిగిలినవాళ్లు

ఓడలెక్కినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది మగవాళ్లు, అందులోనూ పడుచువాళ్లు. 1770ల చివర్లో పోర్చుగీసు అంగోలాలో తీసిన జనాభా లెక్కల్లో పెద్దవాళ్లలో ఒక మగవాడికి ఇద్దరికి మించి ఆడవాళ్లు తేలారు. అడవి నరకడం, గుడిసె కట్టడం, వేట, వీటికి చేతులు లేక ఆ పనులూ ఆడవాళ్ల మీదే పడ్డాయి. ఒక్కో మగవాడికి ఎక్కువమంది పెళ్లాలు. ఆ పెళ్లాల్లో కొందరు కొనుక్కొచ్చిన బందీలు, పుట్టింటివాళ్లంటూ అడగడానికి ఎవరూ లేనివాళ్లు. అలాంటి భార్యే కావాలనుకునే మగవాడికి ఈ వ్యాపారం బాగా కలిసొచ్చింది. 1850 నాటికి ఉష్ణమండల ఆఫ్రికాలో 5 కోట్ల జనం ఉన్నారనీ, బానిస వ్యాపారం లేకపోయుంటే ఆ సంఖ్య 10 కోట్లు అయ్యేదనీ పాట్రిక్ మానింగ్ అంచనా. ఆ 10 కోట్ల లెక్కతో పేచీ పడేవాళ్లున్నారు. అదే కాలంలో యూరప్, చైనాల జనాభా ఎగబాకుతుంటే ఇక్కడ కదల్లేదన్న దాంట్లో మాత్రం పెద్దగా పేచీ లేదు.

న్యాయమూ మారిపోయింది. ఒకప్పుడు జరిమానాతో పోయే దొంగతనానికి, రంకుకు, చేతబడి నిందకు ఇప్పుడు అమ్మేయడమే శిక్ష. తీర్పు చెప్పేవాడికి ఆ అమ్మకంలో వాటా ఉంటే నేరాలు ఎలా పెరుగుతాయో చెప్పనక్కర్లేదు. నైజర్ డెల్టా వెనకున్న ఇగ్బో ప్రాంతంలో అరోచుక్వు దేవుడి సన్నిధికి తగవు తీర్చుకోవడానికి వెళ్లినవాళ్లలో ఓడిపోయినవాణ్ని దేవుడు మింగేశాడని చెప్పేవారు. ఆ మింగుడుపడ్డవాడు వెనక దారిన తీరపు సంతకు చేరేవాడు. అప్పుకు పూచీగా కొడుకునో మేనల్లుణ్నో వర్తకుడి దగ్గర ఉంచడం పాత ఆచారం. ఇప్పుడు గడువు దాటితే ఆ కుర్రాడు ఓడెక్కేవాడు. ఇంతకుముందు చెప్పానే, మనవాడు, పరాయివాడు అనే గీత, అది ఇలా ఇంటి గడప లోపలికి జరిగింది.

రాజుల గడప లోపలికి కూడా. 1797లో దహోమీ రాజు అగోంగ్లో హత్యకు గురయ్యాడు. గద్దెనెక్కిన అడాండోజాన్ ఆ గొడవలో తనకు పడని వాళ్లను ఓడవాళ్లకు అమ్మేశాడు. అమ్ముడైనవాళ్లలో అగోంగ్లో భార్యల్లో ఒకరైన అగొంతిమే కూడా ఉందని అబోమీ సంప్రదాయం. ఆమె కొడుకనే చెప్పే గెజో 1818లో బ్రెజిల్ వర్తకుడు ఫ్రాన్సిస్కో ఫెలిక్స్ డి సౌజా సాయంతో అడాండోజాన్‌ను దించి రాజయ్యాడు. తల్లిని వెతకమని సముద్రం అవతలికి మనుషుల్ని పంపాడంటారు. బ్రెజిల్ ఉత్తరాన సావ్ లూయిస్‌లో కాజా దాస్ మీనాస్ అనే పాత ఆలయం ఉంది. అక్కడ కొలిచే దేవతల్లో దహోమీ రాజవంశీకుల పేర్లు వినపడతాయి. ఆ ఆలయాన్ని నిలిపింది అగొంతిమేయే అయి ఉండాలని ఫ్రెంచి పరిశోధకుడు పియర్ వెర్జే ఊహించాడు. ఊహే గానీ ఆ పేర్లు అక్కడికి ఎవరో రాజవంశం మనిషి వెంటే వెళ్లి ఉండాలి. ఇదంతా తెలిసిన గెజో మనుషుల్ని అమ్మడం మానేశాడా? లేదు. తనను రాజును చేసిన డి సౌజాకు 'చాచా' అనే బిరుదిచ్చి విదా వ్యాపారం అప్పగించాడు. 2022లో వచ్చిన 'ది వుమన్ కింగ్' సినిమా చూసినవాళ్లు గెజోను ఆదర్శ పురుషుడనుకుని ఉంటారు. ఓయో కప్పాన్ని తెంచుకున్నది అతనే, ఆడ దళాలను పెంచిందీ అతనే, అది నిజం. ఆ దళాలు దండెత్తి వెళ్లింది బందీల కోసం.

ఓయో కూడా 19వ శతాబ్ది మొదట్లో లోలోపలే చీలి కూలింది. అంతకుముందు బందీల్ని పట్టే దేశం ఇప్పుడు బందీల గని అయింది. 1821లో ఒసోగున్ అనే యోరుబా ఊరి మీద దాడి జరిగినప్పుడు అజాయి అనే కుర్రాడు తల్లితో, చెల్లెళ్లతో సహా దొరికిపోయాడు. మొదట అతన్ని ఒక గుర్రానికి మారకం వేశారు. కొన్నాళ్లకు గుర్రం నచ్చలేదని వెనక్కిచ్చి కుర్రాణ్ని తిరిగి తెచ్చుకున్నారు. చేతులు మారుతూ మారుతూ లాగోస్ చేరి పోర్చుగీసు ఓడెక్కాడు. 1822లో బ్రిటిష్ నౌకాదళం ఆ ఓడను పట్టుకుని ఫ్రీటౌన్‌లో దించింది. ఆ కుర్రాడే శామ్యూల్ అజాయి క్రౌథర్, 1864లో ఆంగ్లికన్ చర్చికి తొలి ఆఫ్రికన్ బిషప్ అయినవాడు, యోరుబా భాషకు నిఘంటువు కూర్చినవాడు. అతనితో పాటు ఒసోగున్‌లో దొరికినవాళ్లలో ఎంతమంది పేర్లు మనకు తెలుసు?

పట్టుబడనివాళ్లు ఎక్కడికి పోయారంటే, ఎవరూ రాలేని చోటికి. నేటి బెనిన్ పెద్ద నగరం కొటోను పక్కన నొకూవే సరస్సు ఉంది. దహోమీ దాడులకు తాళలేక తోఫిను జనం నేల విడిచి ఆ సరస్సు నడుమ గుంజలు పాతి ఇళ్లు కట్టుకున్నారు. అదే గంవియే. దహోమీ సైనికులకు నీళ్లు దాటి యుద్ధం చేయడం వాళ్ల మతాచారం ప్రకారం నిషిద్ధమని అక్కడివాళ్లు చెబుతారు. ఈ రోజుకీ వేలమంది ఆ నీళ్ల మీదే పుట్టి పెరిగి పోతున్నారు. నీళ్లలో చెట్ల కొమ్మలు గుచ్చి చేపల్ని అక్కడే పెంచే పద్ధతి ఒకటి వాళ్లకుంది, అకాజా అంటారు. టూరిస్టు కరపత్రాలు దాన్ని 'ఆఫ్రికా వెనిస్' అంటూ మురిసిపోతాయి. వ్యవసాయం చేసుకునే జనం నేలకు భయపడి నీళ్లలోకి పోయారన్నది వాటిలో చిన్న అక్షరాల్లో కూడా ఉండదు. ఉత్తరాన అటకోరా కొండల దగ్గర బతమ్మరిబా జనం మట్టితో బురుజుల్లాంటి మేడలు కట్టుకున్నారు. కింద పశువులు, పైన ధాన్యపు గాదెలు, లోపలికి ఒక్కటే గుమ్మం. బయటివాడు వస్తే ఎలా అన్న ఆలోచన ఆ గోడల్లో కనపడుతుంది. ఇలా మంచి నేలలు బీడుపడి, జనం కొండలకీ కోనలకీ నీళ్లకీ ఎక్కితే దార్లు ఎలా పడతాయి, సంతలు ఎలా కలుస్తాయి, ఊరికీ ఊరికీ మధ్య అప్పు ఎలా పుడుతుంది?

నిషేధం తర్వాత

1807లో బ్రిటన్ తన ఓడలకు ఈ వ్యాపారాన్ని నిషేధించింది. విదాలో అది 1860ల దాకా నడిచింది. బ్రెజిల్, క్యూబా ఇంకా కొంటున్నాయి. మానేసి పామాయిల్ అమ్ముకోమని 1849-50లో బ్రిటిష్ దూతలు గెజోకు నచ్చజెప్పారు. తన రాజ్యం నిలబడిందే దీని మీద, నూనె ఆదాయం దీనికి సాటిరాదని అతను తేల్చి చెప్పాడు. సముద్రపు దిగ్బంధం పెట్టాక 1852లో సంతకం చేశాడు, కొన్నేళ్లకే మళ్లీ మొదలెట్టాడు. అమెరికాకు దొంగతనంగా వెళ్లిన చివరి బానిస ఓడ క్లోటిల్డా 1860లో బందీల్ని ఎక్కించుకున్నది విదాలోనే. ఎక్కిన 110 మందిలో ఒకడైన కొసోలా 1935 దాకా అలబామాలో బతికాడు. తనను పట్టింది దహోమీ సైన్యమని చివరిదాకా మరచిపోలేదు.

పామాయిల్ వ్యాపారం పెరిగిన మాట నిజం. ఇంగ్లండు యంత్రాలకు కందెన, సబ్బు, కొవ్వొత్తులు, అన్నిటికీ ఆ నూనే కావాలి. గెలలు కోసి, ఉడకబెట్టి, తొక్కి, కుండల్లో నెత్తిన పెట్టుకుని తీరానికి మోసుకొచ్చేదెవరు? ఓడలు కొనడం మానేసిన బందీలే. బయట గిరాకీ తగ్గితే లోపల ధర పడిపోయింది, ధర పడిపోతే మామూలు రైతు కూడా ఇద్దర్ని కొనుక్కోగలిగాడు. పశ్చిమ ఆఫ్రికాలో బానిసల సంఖ్య అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది ఎగుమతి ఆగిపోయిన తర్వాతి కాలంలోనే అని పాల్ లవ్‌జాయ్ వంటి చరిత్రకారులు చూపించారు. నన్నడిగితే ఈ వ్యాపారం చేసిన అన్ని హానుల్లోకీ ఇది ఘోరమైనది. కొనేవాడు తప్పుకున్నాక కూడా యంత్రం తనంతట తాను తిరుగుతూనే ఉంది.

దాన్ని ఆపుతామంటూ ఫ్రెంచివాళ్లు 1892-94 మధ్య దహోమీని జయించి, చివరి స్వతంత్ర రాజు బెహాంజిన్‌ను మార్టినీక్ దీవికి పంపేశారు. అది బానిసల చెరకు తోటల దీవే. ఆ తర్వాత వాళ్లే వెట్టిచాకిరీ పెట్టారు. ఫ్రెంచి పశ్చిమ ఆఫ్రికాలో చట్టరీత్యా వెట్టి పోయింది 1946లో.

ఇక ఈనాటి లెక్క. బానిస వ్యాపారం పశ్చిమ ఆఫ్రికాను అంతగా దెబ్బతీయలేదని, కొన్ని రాజ్యాలు దానివల్లే బలపడ్డాయని 1969లో జె.డి. ఫేజ్ వాదించాడు. 1972లో గయానాకు చెందిన వాల్టర్ రాడ్నీ ఆఫ్రికాను యూరప్ వెనక్కి నెట్టిందని పుస్తకమే రాశాడు. దహోమీ బలపడింది కదా అంటే ఫేజ్ మాట నిజమే. ఎవరి మీద బలపడిందని అడిగితే రాడ్నీ నిలుస్తాడు. 2008లో నేథన్ నన్ అనే ఆర్థికవేత్త ఓడల లెక్కల్ని ఈనాటి దేశాల ఆదాయాలతో కలిపి చూశాడు. ఎక్కువమందిని పోగొట్టుకున్న దేశాలే ఎక్కువ పేదగా ఉన్నాయని తేలింది. మొదటినుంచీ పేదవి కాబట్టి అమ్ముకున్నాయనడానికి వీల్లేదు, ఎందుకంటే అప్పట్లో జనసమృద్ధి ఉన్న చోట్లే వ్యాపారం ముమ్మరంగా సాగింది. 2011లో బెనిన్‌లోనే పుట్టిన ఆర్థికవేత్త లియొనార్డ్ వాంచెకోన్‌తో కలిసి ఆయన ఇంకో ప్రశ్న వేశాడు: మీరు బంధువుల్ని, ఇరుగుపొరుగును ఎంత నమ్ముతారు? పూర్వికులు ఎక్కువగా ఈ వ్యాపారానికి బలైన జాతుల వాళ్లు ఈ రోజుకీ సొంత బంధువుల్ని కూడా తక్కువ నమ్ముతున్నారు. ఇలాంటి గణాంకాల్ని అప్పనంగా మింగేయకూడదన్నది నా అభిప్రాయం. నాలుగు వందల ఏళ్ల మధ్యలో వలస పాలన, నియంతలు, కరువులు చాలా ఉన్నాయి. కానీ అప్పుకు పూచీగా ఉంచిన మేనల్లుడు ఓడెక్కిపోయిన నేల మీద ఈ ఫలితం ఆశ్చర్యపరచదు.

విదాలో ఇప్పటికీ డి సౌజా వంశస్థులున్నారు. కుటుంబ పెద్దను ఇప్పటికీ చాచా అనే పిలుస్తారు. పట్టుబడ్డ బందీల సంతతి, పట్టినవాళ్ల సంతతి ఒకే వీధిలో ఉంటారు, ఒకే సంతకు వెళతారు. 1999లో బెనిన్ అధ్యక్షుడు మాథ్యూ కెరెకూ బాల్టిమోర్ చర్చిలో నల్ల అమెరికన్లకు క్షమాపణ చెప్పాడు. 2024లో ఆ దేశం బానిసలుగా తరలిపోయినవాళ్ల వారసులకు పౌరసత్వమిచ్చే చట్టం చేసింది. అమ్మిన పాపంలో తమ రాజులకు వాటా ఉందని ఒప్పుకున్న దేశం అది. కొన్నవాళ్లలో చాలామంది ఇంకా అంతదూరం రాలేదు.

వచ్చే సంచికలో ఖండం తూర్పు అంచుకు వెళదాం. జాంజిబార్ లవంగాల తోటలు, అక్కడినుంచి అరేబియా సముద్రం దాటి మన దక్కను దాకా వచ్చిన హబ్షీలు. ఆ భాగానికి ముందు మూడో భాగంలోని మాలిక్ అంబర్ కథను ఒకసారి తిరగేసి ఉంచుకోండి.